సీమ విత్తనము, పెరటి నారుమడి

ఉత్తర కార్తె దగ్గరపడగనే మా కార్యాలయమునకు వచ్చు జాబులలో పెరటితోటను గూర్చినవి ఎక్కువగును. క్యాబేజీ నారు ఎప్పుడు పోయవలెను, కాలీఫ్లవరు పువ్వు గట్టిపడక విడిపోవుటకు కారణమేమి, పొట్లములోని గింజ సగమైనను మొలవలేదేల అను ప్రశ్నలకు వ్యవసాయ నిపుణులు తమ ప్రసంగములలో సమాధానము చెప్పుచునే యున్నారు. ఆ జాబులలో మరియొక ప్రశ్న కూడ తరచుగా కనిపించును. సాధారణముగా గృహిణులు అడుగు ప్రశ్న అది. వంగకును, బెండకును, బీరకును గింజ మేమే తీసి దాచుకొనుచున్నాము గదా, క్యాబేజీకి మాత్రము ఏటేట పొట్లము కొననేల, దాని గింజ మా పెరటిలో ఏల రాదు అని వారి సందేహము. దీనికి సమాధానము కొంత వృక్షశాస్త్రములో నున్నది. ఎక్కువ భాగము చరిత్రలో నున్నది. ఆ చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము.

మొదట మన పాత పెరడును తలచుకొందము. మన పల్లెలలో కూరతోటకు రెండు అదనులు కలవు. తొలకరికి బీర, పొట్ల, గుమ్మడి, బెండ పెట్టుట ఒకటి. వానలు వెనుకపట్టిన తరువాత వంగనారు నాటుట, ముల్లంగి, మెంతి, కొత్తిమిరి చల్లుట రెండవది. ఈ రెండవదానిని ఈ ప్రసంగమున వెనుకతోట అందును. ఈ రెండు తోటలకును విత్తనము ఇంటనే యుండెడిది. ఎండిన బీరకాయను తొడిమతోనే చూరున వ్రేలగట్టెడివారు. గుమ్మడి గింజలను పేడలో అద్ది గోడకు కొట్టెడివారు. వంగ గింజకు బూడిద పట్టించి చిన్న కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి అటుకమీద పెట్టెడివారు. విత్తనమునకు వెల యన్నమాట లేదు. పొరుగింటివారు అడిగిన పిడికెడు పెట్టుట, మరుసటి యేడు తమ గింజ పురుగుపట్టినచో వారింటనుండి తెచ్చుకొనుట, ఇంతే వ్యవహారము.

ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. నేడు మనము అచ్చమైన తెలుగువస్తువుగా భావించు మిరప పుట్టినిల్లు అమెరికాఖండము. అది పోర్చుగీసువారి ఓడలమీద ఈ దేశమునకు వచ్చినది. అయినను దానిని ఎవరును పరదేశిగా చూడరు. కారణమేమన, మన యెండలో అది కాచును, పండును, ఆ పండులోని గింజ మరుసటియేట మొలచును. రెండు మూడు తరములలో అది వచ్చిన దారి మరపునకు వచ్చినది. క్యాబేజీ సంగతి అట్లుకాదు. అదియు పోర్చుగీసువారికి తెలిసిన కూరయే. వారి భాషలోని ‘కూవె’ అను మాటయే వంగభాషలో ‘కోపి’ గాను, మరాఠీలో ‘కోబీ’ గాను మారినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పేరు నిలిచినది గాని విత్తనము నిలువలేదు. పైరు ఎన్నిమారులు వచ్చినను గింజకొరకు మరల సముద్రమువైపు చూడవలసివచ్చెను. సీమనుండి వచ్చిన వస్తువునకెల్ల ‘సీమ’ యని పేరుపెట్టుట మనవారి అలవాటు. ఆ మాట విత్తనము విషయమున వట్టి పేరు కాదు, ఏటేట పునరావృత్తమైన యథార్థము.

ఈస్టిండియా కంపెనీవారి కాలమున మొక్కలను ఒకచోటినుండి మరియొక చోటికి చేర్చుట పెద్ద వ్యాపకమయ్యెను. మన సామర్లకోటలోనే విలియం రాక్సుబరో 1781 మొదలు 1793 వరకు వసించి, తోట వేసి మిరియము, నీలిమందు, చెరకు మున్నగువానిని పరీక్షించెను. కాని కంపెనీ దృష్టి యెప్పుడును వర్తకమునకు పనికివచ్చు పైరులమీదనే. వంటింటికి కావలసిన కూర గింజలను గూర్చి శ్రద్ధవహించినవారు వేరు.

అట్టివారిలో మొదట చెప్పదగినవాడు విలియం కేరీ. చిన్నతనమున చెప్పులు కుట్టి జీవించిన యీతడు క్రైస్తవమత ప్రచారకుడై 1793 లో వంగదేశమునకు వచ్చెను. 1814 లో శ్రీరామపురమున తెలుగు వ్యాకరణమును అచ్చువేసిన కేరీ యితడే. ఆ సంవత్సరముననే రాక్సుబరో సిద్ధపరచిన కలకత్తా తోట మొక్కల పట్టికను కూడ ప్రకటించెను. వ్యాకరణమునకును నారుమడికిని సంబంధమేమని మనకు తోచవచ్చును గాని, ఆయనకు రెండును నిత్యకృత్యములే. దేశమునకు వచ్చిన క్రొత్తలోనే స్వదేశమందలి మిత్రులకు జాబు వ్రాయుచు కొడవండ్లు మొదలగు సేద్యపు పనిముట్లతోపాటు తోటవిత్తనములను ఏటేట పంపుచుండవలెనని కోరెను. ‘ఏటేట’ అను మాటలోనే మన కథయంతయు నున్నది. ఒకమారు పంపిన చాలదని ఆయన యెరిగియుండెను.

కేరీని గూర్చి ఒక చిన్న ముచ్చట ప్రసిద్ధము. ఇంగ్లండునుండి వచ్చిన విత్తనపు సంచిని ఖాళీచేసి, అడుగున మిగిలిన మట్టిని తోటలో నీడపట్టున దులిపెను. కొన్నిదినములకు అచట ఒక ‘డెయిజీ’ మొలక కనబడెను. ఆ దేశమున ప్రతి పచ్చికబయలునందును కనిపించు సామాన్యమైన పువ్వది. ముప్పది యేండ్లకు పైగా దానిని చూడని ఆ వృద్ధునకు కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పరానిది. ఆయన జాబునుబట్టి ఒక ఆంగ్లకవి పద్యము కూడ వ్రాసెను. ఎవరును కోరి పంపని గింజ మొలచినది, ప్రయత్నపూర్వకముగా పంపిన గింజలు ఎన్నియో మొలవలేదు.

1820 లో కేరీ కలకత్తాలో వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. అది విత్తనములను తెప్పించి పంచిపెట్టెను, కూరగాయల ప్రదర్శనములు జరిపి దేశీయులైన మాలీలకు బహుమానములిచ్చెను. మద్రాసున 1835 లో ఇట్టి సంఘమే యేర్పడినది. అయితే ఈ సంఘములకు తెంపులేని బాధ యొకటి గలదు. పొట్లములు వచ్చును, గింజలు మొలవవు.

కారణము ఊహింపవచ్చును. సూయజు కాలువ తెరచినది 1869 లో. అంతకు పూర్వము ఓడ ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి వచ్చుటకు నాలుగైదు నెలలు, ఒక్కొక్కపుడు ఆరునెలలును పట్టెడిది. ఓడ అడుగుభాగమందలి ఉక్కయు, తేమయు విత్తనమునకు విషము. ఎండబెట్టి తగరపు డబ్బాలలో పెట్టి అతుకు వేసి పంపిన కొంత మేలు. కాని డబ్బా మూత తీసిన దినమునుండి మన వర్షాకాలపు చెమ్మ తన పని తాను చేయును. పైగా మరియొక చిక్కు. ఇంగ్లండులో విత్తనము పక్వమగునది ఆగస్టు, సెప్టెంబరు నెలలలో. ఇచట వెనుకతోటకు నారు పోయవలసినదియు ఆ నెలలలోనే. కాబట్టి ఓడ ఎంత వడిగా నడచినను, సూయజు కాలువ వచ్చిన తరువాతనైనను, ఇక్కడ నారుమడిలో పడునది నిరుటి గింజయే. క్యాబేజీ గింజ చల్లని పొడిచోట మూడు నాలుగేండ్లు ప్రాణముతో నుండగలదు. ఉల్లిగింజకు ఒక యేడు గడచుటే గగనము. సీమ ఉల్లినారు పోసి నిరాశపడిన దొరసానులెందరో!

వారి తోటపుస్తకములు నాకు మిక్కిలి వినోదకరములు. నైజాము సేనలలో పెద్ద సర్జనుగా పనిచేసిన రిడెలు అను వైద్యుడు పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున ఈ ప్రాంతములకు పనికివచ్చునట్లు తోటపని గ్రంథము రచించెను. 1860 ప్రాంతములలో వంగదేశమున ఫర్మింగరు అను మతాచార్యుడు అట్టిదే మరియొకటి వ్రాసెను. వీరిరువురును తమవారికి ముఖ్యముగా బోధింపవలసినది సంవత్సరమును తలక్రిందులు చేయుట. ఇంగ్లండులో చలి పోయినపిదప విత్తుదురు. చలికాలమున తోట నిద్రించును. ఇక్కడ చలికాలమే తోటకు ప్రాణము, అక్కడ పంట ముగియు నెలలలో ఇక్కడ నారు పోయవలెను. క్రొత్తగా వచ్చిన దొర మార్చినెలలో క్యాబేజీ విత్తి, మే నెల యెండలో మాడిన మొక్కను చూచి దేశమును దూషించెడివాడు. ఈ సంగతి ప్రతి మాలీకిని పుట్టుకతోనే తెలియును. అయినను ఈ మాలీలకు ఆ పుస్తకములలో పేరు లేదు. ఎచట చూచినను ‘మాలీ’ అనియే యుండును, వానిని గూర్చిన ఫిర్యాదులు మాత్రము కొల్లలు. ఇది అన్యాయమని నా యభిప్రాయము. ఏలయన ఈ కథలో అన్నిటికంటె గొప్ప పని చేసినవారు ఆ పేరులేని మాలీలే. దానిని చెప్పుటకు ముందు, క్యాబేజీ గింజ యేల పట్టదో చెప్పవలెను.

కొన్నియేండ్ల క్రిందట మా పెరటిలో నేనును ఈ పరీక్ష చేసితిని. చక్కగా గట్టిపడిన క్యాబేజీ నొకదానిని కోయక గింజకై వదలితిని. సంక్రాంతి గడచెను, శివరాత్రి గడచెను. గడ్డ కొంచెము పగిలినది, పైయాకులు పసుపువారినవి. ఉగాదినాటికి అది కుళ్లి వాసన కొట్టగా ఇంటివారు దానిని తీసి పెంటలో వేసిరి. పూవు మాత్రము పూయలేదు. నా సేద్యమున లోపమేదియు లేదని తరువాత తెలిసికొంటిని. క్యాబేజీ తన జన్మదేశమున రెండేండ్ల మొక్క. మొదటి యేడు ఆకులను చేర్చి తలకట్టును. పిదప శీతకాలమున ఆరు, ఎనిమిది వారములపాటు పది డిగ్రీల సెంటిగ్రేడునకు తక్కువైన చలి దానికి తగులవలెను. ఆ చలి తగిలినగాని మొక్కలోపల పూవు పుట్టదు. మన మైదానములలో జనవరినెల రాత్రులు కొన్ని చల్లగా నున్నను పగటి యెండ ఆ పనిని సాగనీయదు. మొక్క వసంతమునకై ఎదురుచూచుచునే చచ్చును.

కాలీఫ్లవరు కూడ ఇట్టిదే. ఇది 1822 లో ఇంగ్లండునుండి సహరన్‌పూరులోని కంపెనీ బాగునకు వచ్చినదని మన ఉద్యానశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. సీమ విత్తనము చల్లిన మడులలో మొక్కలు ఆకువేసి ఊరకుండుటయు, పువ్వు కట్టకపోవుటయు సామాన్యము. అయితే వేయి మొక్కలలో ఏ నాలుగో అయిదో చలికి కాచుకొనక, వెచ్చదనముననే పువ్వు కట్టి, ఆ పువ్వునుండి కాడలు తీసి, గింజపట్టినవి. దొరలకు అవి పనికిరాని మొక్కలు. పువ్వు చిన్నది, రంగు పసుపు, వాసన ఘాటు. మాలీలు మాత్రము ఆ గింజను వదలలేదు. వంగ గింజను తీసినట్లే తీసిరి, బూడిద పట్టించి దాచిరి, మరుసటి యేడు చల్లిరి. వచ్చిన వానిలో మరల ముందుగా పూచినదానిని ఎన్నుకొనిరి. ఇట్లు తండ్రి తరువాత కొడుకు, ఒక శతాబ్దమునకు పైగా చేయగా, పాట్నా, కాశీ ప్రాంతపు తోటలలో లోకమున మరియెచటను లేని క్రొత్తజాతి కాలీఫ్లవరు తయారైనది. దీనినే నేడు భారతీయ కాలీఫ్లవరు అందురు. ఇరువది మొదలు ఇరువదియేడు డిగ్రీల వేడిమిలో ఇది పువ్వు కట్టును. మే, జూన్ నెలలలో నారు పోసిన చలి రాకముందే కోతకు వచ్చును. ఉత్తరదేశపు మైదానములలోనే గింజకూడ పట్టును.

ఆ రైతులు తమ సృష్టికి పెట్టుకొన్న పేర్లు చూడుడు. ఆశ్వయుజమున వచ్చునది కువారీ, కార్తికమునది కాత్కీ, మార్గశిరమునది అగహనీ, పుష్యమునది పూసీ, మాఘమునది మాఘీ. సీమనుండి వచ్చిన కూరకు మన పంచాంగమే నామకరణము చేసినది. విత్తనశాల లేదు, ప్రయోగశాల లేదు, లెక్కలు వ్రాసిన పుస్తకములేదు. 1972 లో స్వరూపు, ఛటర్జీ అను శాస్త్రజ్ఞులు ఈ జాతి పుట్టుకను పరిశోధించి, ఇంగ్లండు నైరృతిమూలనున్న కార్నువాలు ప్రాంతపు పాత రకముల రక్తము దీనిలో అధికమనియు, మరికొన్ని ఐరోపా రకములు కూడ కలిసినవనియు తేల్చిరి. నేడు ఆ పాత కార్నువాలు రకముకంటె దాని భారతీయ సంతానమే లోకమునకు ఎక్కువగా తెలిసినది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయమువారు విడుదల చేసిన ‘పూసా కాత్కీ’ ఈ వంశములోనిదే.

ముల్లంగి, గాజర విషయమున ఇంత శ్రమ పడవలసిన పని లేకపోయెను. ఆసియా ఖండపు ముల్లంగియు, ఎఱ్ఱ గాజరయు మన మైదానములలో గింజ పట్టును. ఐరోపావారి చిన్న ముల్లంగికిని, నారింజవన్నె గాజరకును కొండచలి కావలెను. అంగడిలో ప్రక్కప్రక్కన నుండు రెండు గాజరలలో ఒకటి ఇంటిది, ఒకటి అతిథి.

క్యాబేజీకి మాత్రము అట్టి అదృష్టము పట్టలేదు. అది 1939 వరకును పొట్లములలోనే వచ్చుచుండెను. ఆ సంవత్సరమున ఐరోపాలో యుద్ధము మొదలయ్యెను. హాలండు, ఫ్రాన్సు శత్రువుల వశమైనవి. ఇంగ్లండుకు తన తోటలకే గింజ చాలలేదు. ఓడలు సముద్రగర్భమున కలియుచుండగా క్యాబేజీ గింజను తలచువారెవరు? ఈ దేశమునందు మాత్రము సైనికులకు కూరగాయలు కావలెను, ఆహారోత్పత్తిని పెంచుడని ప్రభుత్వము ప్రచారము సాగించుచున్నది, పెరడున్న ప్రతివారిని తోట వేయుమనుచున్నది. విత్తనము లేదు. నూటయిరువది యేండ్లనుండి ఏటేట తెప్పించుకొనుచుండిన వస్తువు చటుక్కున ఆగిపోయిననాడు గాని, దానిని ఇక్కడనే పండింపవలెనను ఆలోచన ప్రభుత్వమునకు కలుగలేదు.

చలియున్న చోటులను వెదకిరి. 1942-43 లో క్వెట్టా, కాశ్మీరము, కులూలోయలయందు కూరవిత్తనముల సేద్యము ఆరంభమయ్యెను. వీనిలో క్వెట్టా ముఖ్యము. పొడిగాలి, మంచి చలికాలము, వేసవిలో గింజ ఎండుటకు వానలేని ఆకాశము, విత్తనమునకు ఇంతకంటె కావలసినదేమి? అయిదేండ్లు గడచునప్పటికి దేశవిభజనము జరిగి 1947 లో క్వెట్టా పాకిస్తానులో చేరెను. ఆనాటి మహావిపత్తులో విత్తనపుచేలు పోయినవని ఎవరును విలపింపలేదు, విలపింపదగిన సంగతులు వేరే అనేకముండెను. అయినను మరల మొదటినుండి ఆరంభింపవలసివచ్చినది.

1949 లో కులూలోయలో బియాసునది యొడ్డున కత్రాయిన్ అను గ్రామమున కేంద్రప్రభుత్వము కూరవిత్తనముల కేంద్రమును నెలకొల్పెను. సుమారు 5,000 అడుగుల ఎత్తు. 1955 లో అది ఢిల్లీ పరిశోధనాలయమునకు అనుబంధమయ్యెను. అక్కడి పని చూడదగినది. వేసవి చివర నాటిన క్యాబేజీ శీతకాలము రాకముందు తలకట్టును. అది చలికాలమంతయు పొలములోనే యుండును. మంచు పడును, మొక్క చావదు. చలి తగ్గగనే గడ్డనెత్తిన కత్తితో అడ్డముగను నిలువుగను గాటు పెట్టుదురు. లేనిచో లోపలి పూకాడ ఆ గట్టి యాకులను చీల్చుకొని రాలేదు. గాటునుండి కాడ వెలువడి, మనిషి రొమ్ముదాక పెరిగి, ఆవపూవువంటి పసుపుపూలు పూయును. జూన్, జూలై నెలలలో కాయలు ఎండును. ఆ గింజను నూర్చి, శుభ్రపరచి, పొట్లములు కట్టి పంపిన సెప్టెంబరునాటికి మన నారుమడికి అందును. శతాబ్దమునకు పైగా మన దొరల తోటలకు దొరకని వస్తువు, అనగా ఆ యేటి గింజ, అప్పుడు దొరికినది. 1963 లో జాతీయ విత్తన సంస్థ యేర్పడిన తరువాత ఇట్టి విత్తనము ఊరూరికిని చేరుట సులభమయ్యెను.

నేడు అంగడిలో దొరకు క్యాబేజీ విత్తనములో అధికభాగము సంకరజాతిది. గడ్డలన్నియు ఒక్క తీరున వచ్చును, త్వరగా వచ్చును. అందలి కొంత విత్తనము ఇప్పటికిని సముద్రము దాటియే వచ్చుచున్నది. సంకరవిత్తనపు మొక్కనుండి ఎట్లో గింజ తీసినను అది తల్లిని పోలదు. కాబట్టి జాబులు వ్రాసిన సోదరీమణులకు నేను చెప్పగల సమాధానమిది. క్యాబేజీకి పొట్లము కొనక తప్పదు. కొనునపుడు పొట్లముమీది తేదీని చూచి కొనవలెను. ఉత్తర, హస్త కార్తెలలో ఎత్తైన మడిలో నారు పోయుడు. మీది కోస్తా జిల్లా యైనచో చిత్త, స్వాతి కార్తెల గాలివానలు నారును ముంచకుండ మడిచుట్టు కాలువ తీయుడు. చీమలు గింజను మోసికొనిపోకుండ బూడిద చల్లుడు. నాలుగైదు వారములైన పిదప సాయంకాలమున నాటి, నాలుగు దినములు అరటిడొప్పలు కప్పుడు.

ఇంటి గింజ కావలెనను పట్టుదల గలవారు అదే మడి ప్రక్కన దేశవాళీ ముల్లంగిని చల్లవచ్చును. పుష్యమాసమున దుంపలను పెరికి, నునుపుగను, చీలికలేకయు నున్నవానిని అయిదారింటిని ఏరి, అడుగున మూడవవంతు కోసివేసి, ఆకును జానెడు మాత్రము ఉంచి, తిరిగి పాతవలెను. దగ్గరలో మరియొక రకము ముల్లంగి పూయుచున్నచో తేనెటీగలు రెంటిని కలిపివేయును. కావున పొరుగింటివారితో ముందుగా ఒక మాట అనుకొనుట మంచిది.